కుడివైపు గడప

నాయినా, ఎట్లున్నవు?

నువ్వు పోయి పద్నాలుగు నెలల ఆరు రోజులు. ఇన్నాళ్లూ నీకు ఒక్క ముక్క రాయలేదంటే తీరిక లేక కాదు. నీ మీద కోపంతో రాయలేదు. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు... అనేవాళ్లకేం, ఎన్నయినా అంటారు. వాళ్ల నాన్నలకు సుధీర్ లాంటి అల్లుడు ఉండి ఉండడు.

ఇప్పుడు ఆ కోపం సగం తగ్గింది. మిగిలిన సగం నీతో చెప్పుకుంటే గానీ పోయేలా లేదు.

ముందు ఇంటి సంగతులు. అమ్మ బాగానే ఉంది. ప్రగతి నగర్ ఇల్లు వదిలి తెల్లాపూర్‌లో మా ఫ్లాట్‌కు రమ్మంటే రాదు. పద్నాలుగో అంతస్తులో కూరగాయల బండి కేక వినపడదట, దానికన్నా చెరువు దోమలే నయమట. నీ ఫోను ఇప్పటికీ రోజూ చార్జింగ్ పెడుతుంది. పాత గిరాకీలు ఎవరైనా చేస్తే నువ్వు లేవని చెప్పాలి కదా అంటుంది. మొన్న ఎవరో నిజంగానే చేశారు, శ్రీశైలం కిరాయికి రావాలని. అమ్మ అరగంట మాట్లాడింది వాళ్లతో.

నాకు హైటెక్ సిటీ ఆఫీసు వారానికి మూడు రోజులు, మిగతా రెండు రోజులు ఇంట్లోంచే పని. అదే టెస్టింగ్. ఎవరో రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతకడం. నువ్వు మీ పాత టాక్సీ స్టాండులో అందరికీ చెప్పేవాడివట, ‘మా బిడ్డ తప్పులు పట్టే ఆఫీసర్’ అని.

ఇక నీ కారు.

దాని కథ నీకు తెలియనిది కాదు. అయినా నా నోటి నుంచి ఎప్పుడూ వినలేదు కదా, ఇవాళ విను.

నేను నాలుగో తరగతిలో ఉండగా ఆ అంబాసిడర్ మన ఇంటికి వచ్చింది. మీగడ రంగు. కిరాయికి తిప్పేవాడివి... పెళ్లిళ్లకు, యాత్రలకు, దవాఖానలకు, ఆ తర్వాత హైటెక్ సిటీలో కొత్తగా దిగిన సాఫ్ట్‌వేర్ వాళ్లకు. చిన్న చిన్న తెల్ల కార్లు వచ్చాక దాన్ని అడిగేవాళ్లు లేకుండా పోయారు. ఇంటి పక్క రేకుల షెడ్డులో పెట్టి టార్పాలిన్ కప్పి, నువ్వు బాచుపల్లిలో స్కూలు బస్సు నడపడానికి పోయావు. తొమ్మిదేళ్లు అది అలాగే ఉండిపోయింది.

నా పెళ్లయిన కొత్తలో ఒక ఆదివారం మేం భోజనానికి వచ్చాం. అప్పటికి నువ్వు బస్సు మానేసి ఇంట్లోనే ఉంటున్నావు. సుధీర్ చెయ్యి కడుక్కుంటూ, ఆ టార్పాలిన్ కింద ఏముంది మామయ్యగారూ అని అడిగాడు. అంతే. ఆ పూట టార్పాలిన్ తీశారు. మళ్లీ మూడేళ్ల దాకా నాకు ఒక్క ఆదివారం మిగల్లేదు.

నీకు నేనొక్కదాన్నే కదా నాయినా. ఇంకో కొడుకో కూతురో ఉండి ఉంటే, పంచుకోవడం చిన్నప్పుడే అలవాటయ్యేదేమో. ముప్పై ఏళ్లు మొత్తం నాదే అనుకున్న మనిషిని తెనాలి నుంచి వచ్చిన పిల్లాడు ఒక్క పూటలో పట్టుకుపోతే ఎలా ఉంటుంది?

వంటింట్లో అమ్మ పక్కన చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే షెడ్డులోంచి మీ ఇద్దరి నవ్వులు వినపడేవి. టీ పట్టుకుని వస్తే టక్కున ఆగిపోయేవి. ఇంజను గురించి ఏదో అడిగితే నువ్వు ఏమనేవాడివో గుర్తుందా? “నీకెందుకు బిడ్డా గీ మసి పని? చేతులు ఖరాబైతయ్. లోపటికి పో.” అదే నోటితో మళ్లీ అటు తిరిగి, “అల్లుడూ, జర గట్టిగ పట్టు.” నా చేతులేమైనా మైనంతో చేశారా? ఆ కారు అద్దాలు తుడిచి పెరిగిన చేతులు కావా ఇవి?

డ్రైవరు సీటు వైపు అయితే అసలే రానిచ్చేవాడివి కాదు. స్టూలు వేసుకుని కూర్చుందామన్నా ఎడమ దిక్కే చూపించేవాడివి. అటు సామాను ఉంది, ఇటు ఆయిలు ఉంది... ఏదో ఒక వంక.

నిజం చెబుతున్నా, నాకు కడుపు మండేది. సొంత మొగుడి మీద కళ్లల్లో నిప్పులు పోసుకున్న ఆడదాన్ని నేను. ఇంకొక ఆడదాని కోసం కాదు, నాన్న కోసం. ఎవరికైనా చెబితే నవ్విపోతారని చెప్పలేదు. నీకు కూడా తెలియలేదు కదా? తెలిసిందా?

నువ్వు పోయిన రోజు అతను ఎంత ఏడ్చాడో చూడలేదు నువ్వు. వచ్చిన చుట్టాలంతా నన్ను వదిలేసి అతన్ని ఓదార్చారు. మా మేనత్త అయితే అతని వీపు నిమురుతూ, కన్నకొడుకు కూడా ఇట్లా ఏడవడు అంది. నేను మూలన నిలబడి చూశాను. నాకు ఏడుపు రాలేదు. నా వంతు ఏడుపు కూడా ఇతనే ఏడ్చేస్తున్నాడు అనిపించింది.

పదకొండో రోజు అమ్మ, నట్లు బిగించే నీ పానాల పెట్టె తెచ్చి అతని చేతిలో పెట్టింది. నువ్వే చెప్పావట, అవి అల్లుడికే ఇవ్వాలని. రెండు చేతులా అందుకున్నాడు. నాకేం మిగిల్చావు నాయినా? బ్యాంకు కాగితాల మీద సంతకాలు మిగిల్చావు. పెట్టాను.

అన్నిటికన్నా పెద్ద మంట ఇంకోటి ఉంది. పెళ్లినాడు ‘అలాగేనండి’, ‘చిత్తమండి’ తప్ప ఇంకో మాట రాని మనిషి, చేతిలో స్క్రూడ్రైవర్ పడగానే ‘జర ఆగు’, ‘ఇగ చూడు’ అంటాడు. అచ్చం నీలాగే, ‘ఇగ’ దగ్గర కాస్త సాగదీసి మరీ. నీ మాట అతని నోట్లో ఉండిపోయింది. నీ కడుపున పుట్టి, నేను ఆఫీసులో ఆరు రాష్ట్రాల వాళ్లతో ఇంగ్లిషు మాట్లాడీ మాట్లాడీ ఆ మాటలు ఎక్కడో పారేసుకున్నాను. ఒకరోజు ఫోన్లో ఎవరితోనో “ఏం ఫికర్ చెయ్యకు” అన్నాడు. నేను పక్క గదిలోంచి లేచి వచ్చేశాను నువ్వే అనుకుని.

వచ్చి అతన్ని చూసి ఎంత తిట్టుకున్నానో.

నీ సంవత్సరీకం అయిన మర్నాడు సుధీర్‌కు చెప్పేశాను. ఆ కారు నేను పూర్తిచేస్తాను, నేనొక్కదాన్నే. నువ్వు ఒక్క నట్టు కూడా ముట్టుకోవద్దు. అతను సరే అన్నాడు. కనీసం వాదించను కూడా లేదు. అదొక మంట మళ్లీ.

ఆదివారాలు ఇప్పుడు నావి అనుకున్నాను. కళ్లద్దాలు, మాస్కు, తోలు గ్లవుజులు కొనుక్కున్నాను. సుధీర్ లోపల అమ్మకు కుళాయి బాగుచేయడమో, మందులు తేవడమో చేస్తుంటే నేను షెడ్డులో నీ స్టూలు మీద కూర్చునేదాన్ని. పెద్ద పనంతా మీరిద్దరూ చేసేశారు కదా. ఇంజను నడుస్తోంది, రంగు పడింది. సీట్లకు గుడ్డ, కొంచెం వైరింగు, మెరుగు పెట్టడం... ఇంతే మిగిలింది అనుకున్నాను. రెండు నెలల్లో అమ్మను ఎక్కించుకుని ఊరంతా తిప్పుదామని లెక్క వేసుకున్నాను.

కానీ తప్పులు పట్టే ఆఫీసర్ని కదా, ఊరుకుంటానా?

మెరుగు పెడుతుంటే డ్రైవరు డోరు కింద రంగు ఒకచోట చిన్నగా ఉబ్బి ఉంది. కందిగింజంత. తుప్పును నువ్వు జంగు అనేవాడివి. “రంగు బుగ్గ లేసిందంటే లోపట ఎప్పటిసందో తినుకుంట ఒచ్చినట్టే” అని సుధీర్‌కు చెబుతుంటే వంటింటి కిటికీలోంచి విన్నాను. నాకు చెప్పింది కాకపోయినా నా చెవిన పడింది కదా, గుర్తు పెట్టుకున్నాను.

ఫ్రిజ్ మీది అయస్కాంతం బొమ్మ పీకి, పల్చటి గుడ్డలో చుట్టి తెచ్చాను. డోర్ల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పొడుగ్గా ఉంటుందే ఇనుప పెట్టె లాంటిది, ఎక్కేటప్పుడు కాలు దాటే చోటు... దాని మీద పెట్టి చూశాను. ఎడమ వైపు ఎక్కడ పెట్టినా ఠక్కున అతుక్కుంది. కుడి వైపు, డ్రైవరు డోరు కింద, జారి కింద పడింది. మళ్లీ పెట్టాను. మళ్లీ పడింది. మూరెడు పొడవున ఇనుమే లేనట్టు.

రంగు కింద లప్పం. గోడ పగుళ్లకు పెట్టినట్టు నున్నగా దట్టించి, దాని మీద మీగడ రంగు.

ఇప్పుడు చెప్పబోయేది వింటే నన్ను చీదరించుకుంటావు. నాకు బాధ వెయ్యలేదు నాయినా. సంతోషం వేసింది. దొరికాడు అనుకున్నాను. లప్పం మాట ఎత్తితేనే నువ్వు కస్సుమనేవాడివి కదా. “లప్పం బెట్టి రంగేసేటోడు దొంగ. ముందట నవ్వుతడు, ఎన్క ముంచుతడు.” ఈ మాట నువ్వు ఎన్నిసార్లన్నావో. నీ నమ్మకమైన అల్లుడు, నీ పానాల పెట్టె వారసుడు, నీ కళ్లుగప్పి లప్పం పెట్టాడు. పండగ చేసుకున్నాను లోపల్లోపల.

పిలిచాను. అమ్మ కూడా వెనకే వచ్చింది. అయస్కాంతం పెట్టి చూపించాను, పడింది. ఎవరు చేశారిది అని అడిగాను. సుధీర్ ఆ చోటు వైపు చూశాడు, నా వైపు చూశాడు. తనే పెట్టానన్నాడు. ఎప్పుడు అంటే మామయ్యగారు ఉండగానే అన్నాడు. మా నాన్నకు తెలుసా అంటే తెలియదన్నాడు.

అప్పుడు నేను అన్న మాటలు ఇక్కడ రాయను. మూడేళ్లుగా దాచుకున్నదంతా కక్కేశాను. ఆఖరికి, మా నాన్న నిన్ను కొడుకనుకున్నాడు, నువ్వు ఆయన ఇనుముకే కన్నం వేశావు అన్నాను. అమ్మ నా చెయ్యి పట్టి లాగింది, ఇగ చాలు బంజెయ్ అంది. అతను మాత్రం తల వంచుకుని నిలబడ్డాడు. సాయంత్రం తెల్లాపూర్ వెళ్లాక పానాల పెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. ఇది నీ దగ్గరే ఉండాలి స్వప్నా అని వెళ్లి పడుకున్నాడు.

ఏది కావాలని ఏడాది ఏడ్చానో అది చేతికి వచ్చింది. ఎందుకో ఆనందం మాత్రం రాలేదు.

వారం రోజులు మాకు మాటల్లేవు. ఒకే కారులో ఆఫీసుకు వెళ్లి, ఒకే కారులో వచ్చాం. గచ్చిబౌలి దగ్గర ట్రాఫిక్కులో ముప్పావు గంట పక్కపక్కన కూర్చుని చెరో కిటికీలోంచి చూశాం. నా కోపం ఎలాంటిదో నీకు తెలుసు కదా, నీదే.

కానీ ఒక సంగతి నన్ను గీరుతూ ఉంది. వాన రెండు వైపులా పడుతుంది. షెడ్డు రెండు వైపులా ఒకటే. మరి ఎడమ వైపు ఇనుము రాయిలా ఉండి, కుడి వైపే ఎందుకు తినేసింది? ఆఫీసులో అయితే కారణం దొరికే దాకా ఆ తప్పును వదలం. తర్వాతి ఆదివారం ఒంటరిగా వచ్చి ఆ లప్పాన్ని గరుకుగా ఉండే నీళ్ల కాగితంతో రుద్దడం మొదలుపెట్టాను. రెండు గంటలకు కింద రేకు కనపడింది. పాత ఇనుము మీద కొత్త రేకు ముక్క కప్పి, చుట్టూ వెల్డింగ్ చేసి ఉంది.

ఆ వెల్డింగ్ మీద వేలు పెట్టి చూశాను.

సుధీర్ వెల్డింగ్ నాకు తెలుసు. అమ్మ బట్టలారేసే స్టాండు అతనే చేశాడు, అతుకు అతుక్కీ రేగుపండంత బుడిపె. ఇది అలా లేదు. చిన్న చిన్న చుక్కలు, ఒకదాని పక్కన ఒకటి, నువ్వు చిరిగిన సంచి కుట్టినట్టు. ఆ కుట్లు నీవి నాయినా. రేకు కప్పింది నువ్వు. లప్పం పెట్టింది కూడా నువ్వేనా? మరి అతను తనే చేశానని ఎందుకన్నాడు? నువ్వు ఎందుకు చేశావు?

అడిగితే ఎవరు చెబుతారు? కోసి చూడడమే అనుకున్నాను.

ఇనుము కోసే గ్రైండరు తీశాను. అప్పుడే గేటు చప్పుడైంది. సుధీర్. నేను రమ్మనలేదు, అమ్మ ఫోను చేసిందట. చేతిలో ఒక ఇనుప రాడ్డు. నన్ను ఆపడానికి రాలేదు. డోరు తెరిచిన చోట ముందు ఆ రాడ్డు అడ్డంగా అతికించకుండా కింద కోస్తే కారు నడుం కుంగుతుందట, తర్వాత డోరు పట్టదట. ఎలా తెలుసు అని అడగలేదు. ఎవరు చెప్పి ఉంటారో నాకు తెలియదా? అతను రాడ్డు అతికించి, షెడ్డు బయటికి పోయి నిలబడ్డాడు. వెళ్లేటప్పుడు ఒక్కసారి అన్నాడు, వద్దు స్వప్నా, ఇలాగే వదిలెయ్ అని.

వద్దంటే ఆగే మనిషినా నేను?

నిప్పురవ్వలు మోకాళ్ల మీద పడుతుంటే కోశాను. నీ కుట్లు ఒక్కొక్కటీ తెంచుతుంటే ఏదోలా అయింది, కానీ ఆపలేదు. రేకు ముక్క ఊడి పడింది. లోపల ఇనుము లేదు. ఎర్రటి పెచ్చులు, చేత్తో తీస్తే అప్పడం ముక్కల్లా వచ్చాయి. అడుగున నీళ్లు పోవడానికి ఉండే కన్నాలన్నీ గట్టి మట్టితో పూడుకుపోయి ఉన్నాయి. ఆ మట్టి గడ్డ ఒకటి పెకిలించి, ఏమిటో చూద్దామని నీళ్లు చల్లి నలిపాను.

వేళ్లు పచ్చగా అయ్యాయి.

పసుపు.

అప్పుడు గుర్తొచ్చింది నాయినా, మొత్తం ఒక్కసారి. మీ స్టాండులో ఇంకో డ్రైవరు యాక్సిడెంటులో పోయాడు. ఆ నెలంతా నువ్వు కిరాయికి పోతే అమ్మ అన్నం తినేది కాదు. శుక్రవారం అమ్మ మన గడప కడిగి పసుపు రాస్తుంటే, ఎందుకమ్మా అని అడిగాను. గడప దాటి పోయినోళ్లు మంచిగ తిరిగి రావాలని బిడ్డా అంది. మరి నాయిన దాటేది కారు గడప కదా... అని నాలుగో తరగతి బుర్రకు తట్టింది.

నువ్వు కాలు పెట్టి ఎక్కే చోటే కారు గడప. ఆ వారం నుంచి ప్రతి శుక్రవారం, బడికి పోయే ముందు, చెంబుడు నీళ్లు. కడగడం, పసుపు ముద్ద రాయడం, కుంకుమ బొట్లు పెట్టడం. రబ్బరు పట్టీ లేచి సందు ఉండేది, అందులోకి మిగిలిన పసుపు నీళ్లన్నీ పోసేదాన్ని. గడప తడిగా ఉండాలి కదా. ఎడమ వైపు ఎవరెవరో ఎక్కుతారు, వాళ్లతో నాకేం పని? నీ వైపే. పదో తరగతి దాకా ఒక్క శుక్రవారం తప్పలేదు. నువ్వేమో ఆ రోజంతా గడప తొక్కకుండా కాలు పైకెత్తి ఎక్కేవాడివి. గిరాకీలు నవ్వితే, ‘మా బిడ్డ పెట్టింది’ అనేవాడివి.

నీ కారును తినేసింది వాన కాదు. నేను.

సుధీర్ వచ్చి పక్కన గచ్చు మీద కూర్చున్నాడు. నా వేళ్లు చూశాడు. మామయ్యగారు ఒట్టు వేయించుకున్నారు స్వప్నా, ఇక దాచి లాభం లేదు అని చెప్పడం మొదలుపెట్టాడు.

రెండో ఏడు ఎండాకాలంలోనట మీరు దాన్ని తెరిచింది. పసుపు చూసి నువ్వు స్టూలు మీద కూలబడ్డావట. అతను భయపడి మంచినీళ్లు తెస్తే, నవ్వావట. నవ్వి, శుక్రవారాల కథంతా చెప్పావట. తర్వాత నువ్వన్న మాట అతను నీ గొంతుతోనే చెప్పాడు. ఆ ఒక్కసారి నాకు మంట పుట్టలేదు.

“నా బిడ్డ నేను మంచిగ ఇంటికి రావాలని ఆరేండ్లు పసుపు వెట్టింది. నేను వొచ్చిన. గిప్పుడు గది జంగు పట్టిచ్చిందని దానికి చెప్తమా? తెలిస్తే పాణం తీసుకుంటది. దానికి తెల్వనియ్యకు అల్లుడూ.”

ఆ మధ్యాహ్నమే రేకు కోసి అతికించావట. దాని మీద లప్పం నీ చేత్తోనే పెట్టావట. జన్మలో మొదటిసారి అన్నావట. నేను ఆఫీసు పని మీద ఊళ్లో లేని వారం చూసుకుని, మొత్తం కోసి సరిగ్గా చేద్దామని ఇద్దరూ అనుకున్నారట. ఆ వారం రాకుండానే నువ్వు పోయావు.

అందుకా నన్ను ఎడమ దిక్కు కూర్చోబెట్టింది? మసి పని అని లోపలికి తరిమింది అందుకేనా? మూడేళ్లలో ఎన్ని ఆదివారాలు దానికోసం, ఎన్ని ఉత్తి అలవాటుకి? నాకు తెలియాలి. ఎవరిని అడగను?

ఏడ్చాను. పద్నాలుగు నెలల వాయిదా ఏడుపు మొత్తం ఆ షెడ్డులో, మోకాళ్ల మీద ఇనుప రజనుతో.

ఇక్కడితో నా కుళ్లు కడిగినట్టు పోయింది అని రాస్తే బాగుంటుంది. పోలేదు నాయినా. ముఖం కడుక్కుని వచ్చేసరికి మళ్లీ మొదలైంది. అది కూడా అతనికే చెప్పావు కదా! నా పసుపు, నా గడప, నా శుక్రవారాలు. నేను మరిచిపోయిన నా చిన్నతనాన్ని కూడా నువ్వు తీసి అతని చేతిలోనే పెట్టావు. అతనేమో నేను అన్నన్ని మాటలన్నా నోరు విప్పకుండా దొంగతనం నెత్తిన వేసుకున్నాడు. అంత మంచివాడు కాకపోతే నాకు ఎంత హాయిగా ఉండేది. తిట్టుకోవడానికి కూడా ఏమీ మిగల్చలేదు.

పెద్ద తప్పు చేశావు. నన్ను తిట్టాల్సింది నువ్వు. ‘ఏందే స్వప్నా, నా కారును జంగు పట్టిచ్చినవ్’ అని అరవాల్సింది. నేను తిరిగి అరిచేదాన్ని, నాలుగో తరగతి పిల్లకు బుద్ధి చెప్పాల్సింది నువ్వు కాదా అని. అమ్మ వచ్చి ఇద్దర్నీ తిట్టేది. ఆ కొట్లాటలో సగం రోజు గడిచేది, మిగతా సగం నేను ఆ షెడ్డులోనే ఉండేదాన్ని, నీ పక్కన, కుడి దిక్కున. నన్ను బాధ పెట్టకూడదని ఆ కొట్లాట నాకు లేకుండా చేశావు. నీ తిట్లు కూడా నాకు కావాలి అని నీకెందుకు తోచలేదు?

సుధీర్‌కు క్షమాపణ చెప్పాను. నాకు సరిగ్గా రాదు, తెలుసు కదా. పానాల పెట్టె అతని వైపు తోశాను, చాలనుకున్నాడు.

ఇప్పుడు పని ఇద్దరం చేస్తున్నాం. కుళ్లిన ఇనుమంతా మంచి ఇనుము తగిలే దాకా కోశాం. ఎడమ వైపు కూడా తెరిచి చూశాం, బాగుంది. లోపల రెడ్ ఆక్సైడ్ పూశాం. కొత్త రేకు వంచి తెచ్చాం, అడుగున కన్నాలు తెరిచే ఉంచాం. నేను రేకు పట్టుకుంటే అతను వెల్డింగ్ పెడతాడు. వచ్చే వారం నుంచి నాకు నేర్పిస్తానన్నాడు. లప్పం డబ్బా షెడ్డులో లేదు, చెత్తబండిలో వేశాను.

పోయిన ఆదివారం అతన్ని అడిగాను, మూడేళ్లు ఇద్దరూ ఇక్కడ ఏం మాట్లాడుకున్నారు అని. ఏవేవో, వరసగా గుర్తులేవు అన్నాడు. వరస అక్కర్లేదు, ఆదివారానికి ఒక ఆదివారం చెప్పు, ఒక్కటీ దాచకుండా చెప్పు అన్నాను. మొదటి ఆదివారం చెప్పాడు.

నా గురించేమో అనుకున్నాను. కాదు. ఆ రోజంతా గుంటూరు మిరపకాయ ఘాటా, వరంగల్ మిరపకాయ ఘాటా అని కొట్లాడుకున్నారట. నువ్వు పంతం పట్టి వంటింట్లోంచి మిరపకాయ తెచ్చి పచ్చిది కొరికి, కళ్ల నీళ్లు కారుతుంటే ఏం లేదు ఏం లేదు అన్నావట. నా పేరు ఒక్కసారి కూడా రాలేదు. ఆ మిరపకాయ మీద కూడా కుళ్లుకున్నాను నాయినా, ఒట్టు.

అయినా రెండోసారి చెప్పించుకున్నాను.

కుళ్లు మానేస్తానని నీకు మాట ఇవ్వలేను. ఒక్కటి మాత్రం ఇస్తున్నాను. నా దగ్గర లేని నువ్వు మూడేళ్లంత అతని దగ్గర ఉన్నావు. ఒక్క పూట కూడా వదలకుండా మొత్తం రాబట్టుకుంటాను.

నీ ఒక్కగానొక్క బిడ్డ,
స్వప్న